పొలెంటా పస్తిచ్చాతా: నీరు ఊరకుండా, ముక్కగా తెగేలా చేసే పద్ధతి

ఓవెన్‌లో కాల్చిన పొలెంటా (మొక్కజొన్న రవ్వ ముద్ద) గురించి వచ్చే ప్రశ్నలు తిప్పితిప్పి మూడే. పైన ఎర్రగా కాలింది కానీ లోపల జావలా ఉంది, ఎందుకు? గరిటె పెట్టగానే అడుగున నీళ్లు తేలాయి, ఎందుకు? అరగంట కాల్చినా రవ్వ పంటి కింద పలుకుగా తగిలింది, ఎందుకు?

ఈ మూడు తప్పులూ ఓవెన్‌లో జరిగేవి కావు, అంతకు ముందే పొయ్యి దగ్గర జరిగిపోతాయి. ఓవెన్ చేసేది రెండే పనులు. పొరలన్నిటినీ వేడి చేసి ఒకదానితో ఒకటి అతికిస్తుంది, పైపొరను ఎర్రగా కాలుస్తుంది. ఉడకని రవ్వను అది ఉడికించదు, మీరు వదిలేసిన నీటిని పీల్చుకోదు. అందుకే ఇక్కడ ఓవెన్ గురించి తక్కువ, పొయ్యి గురించి ఎక్కువ ఉంటుంది.

చేయబోయేది ఉత్తర ఇటలీ ఇళ్లలో వండే పొలెంటా పస్తిచ్చాతా. మొక్కజొన్న రవ్వను ముద్దగా ఉడికించి, గడ్డకట్టనిచ్చి, పలకలుగా కోసి, మధ్యలో పుట్టగొడుగులు, బెషమెల్ (వైట్ సాస్), చీజ్ పరచి కాలుస్తారు. మాంసం సాస్‌తో చేసేవారూ ఉన్నారు కానీ ఇది పూర్తి శాకాహార పద్ధతి. పుట్టగొడుగులు తిననివారికి మార్పులు 11వ భాగంలో ఉన్నాయి. కొలతలు ఆరుగురికి సరిపోతాయి.

1. ముందు రోజే మొదలుపెట్టండి

ఒకే పూటలో ముగించాలనుకోవడమే చాలామంది చేసే మొదటి పొరపాటు. వేడి పొలెంటాను పలకలుగా కోయలేరు. చల్లారేకొద్దీ మొక్కజొన్నలోని పిండిపదార్థం బిగుసుకుని గడ్డకడుతుంది. రాత్రి మిగిలిన సంకటి తెల్లారేసరికి గట్టిపడినట్టే ఇదీ గట్టిపడాలి, దానికి తగిన సమయం ఇవ్వాలి.

- ముందు రోజు సాయంత్రం: పొలెంటా ఉడికించి పోయడం, గంటంబావు
- రాత్రంతా ఫ్రిజ్‌లో
- మరుసటి రోజు: పుట్టగొడుగులు, బెషమెల్, 45 నిమిషాలు
- పొరలు పేర్చడం, 15 నిమిషాలు
- కాల్చడం 35 నిమిషాలు, ఆరనివ్వడం 20 నిమిషాలు

ఒక్క రోజులోనే కావాలంటే ఉదయం ఉడికించి రాత్రికి కాల్చుకోవచ్చు. ఫ్రిజ్‌లో కనీసం నాలుగు గంటలు ఉండాలి.

2. సరైన రవ్వ కొనడం

సగం మంది ఇక్కడే దారి తప్పుతారు. కావలసింది పసుపుపచ్చ మొక్కజొన్న రవ్వ, తెలంగాణలో మక్క రవ్వ అనేది. గటకకు వాడే బరక రవ్వ మరీ లావుగా ఉంటే మిక్సీలో రెండుసార్లు తిప్పి, బొంబాయి రవ్వ కంటే కొంచెం లావుగా చేసుకోండి.

వీటిని మాత్రం కొనకండి:

- కార్న్‌ఫ్లోర్ పేరుతో మన దగ్గర, బ్రిటన్‌లో దొరికే తెల్లటి మెత్తని పొడి. అది మొక్కజొన్న నుంచి తీసిన పిండిపదార్థం మాత్రమే. మంచూరియాకు వేసేది. దాంతో ముద్ద కాదు, జిగురు తయారవుతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు అదే తెచ్చాను. ఆ గిన్నె రెండు రోజులు నానింది.
- రొట్టెలకు వాడే మెత్తని మొక్కజొన్న పిండి. ఉడుకుతుంది కానీ పేస్టులా ఉంటుంది, పలకకు గుల్లదనం రాదు.
- మెక్సికో వంటల కోసం అమ్మే మాసా హరీనా. సున్నపు నీటిలో ఉడికించిన మొక్కజొన్నతో చేసిన పిండి అది. రుచీ వేరు, నీరు పీల్చే తీరూ వేరు.

అమెరికాలో ఉన్నవారు పసుపు రంగు కార్న్ గ్రిట్స్ గానీ, బరకగా ఉన్న కార్న్‌మీల్ గానీ తీసుకోండి. అక్కడ పిండిపదార్థాన్ని కార్న్ స్టార్చ్ అంటారు కాబట్టి గందరగోళం తక్కువ. ఇటలీ నుంచి వచ్చే ప్యాకెట్లలో 'బ్రమాటా' అంటే బరకది, 'ఫియోరెట్టో' అంటే సన్ననిది. ఈ వంటకు బ్రమాటా మేలు. ఐదు నిమిషాల్లో అయిపోయే ఇన్‌స్టంట్ పొలెంటా ముందే ఉడికించి ఎండబెట్టినది. వేళ లేనప్పుడు పనికొస్తుంది కానీ రుచి పలచగా ఉంటుంది. దానికి నీటి కొలత ప్యాకెట్ మీద ఉన్నట్టే తీసుకోండి, నా కొలత పనికిరాదు.

3. చీజ్: శాకాహారులు చూసుకోవలసినది

శాకాహార వంట అని రాసి పార్మిజాన్ వేయమనే వంటకాలు కోకొల్లలు. ఇటలీ పార్మిజానో రెజ్జానోను దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్‌తోనే (పాలను గడ్డకట్టించే పదార్థం) తోడుపెట్టాలన్నది అక్కడి నిబంధన. ఈ వంటకు సంప్రదాయంగా వాడే ఫొంతీనా కూడా అంతే. గుడ్డు కూడా ముట్టని ఇళ్లలో ఇది చిన్న సంగతి కాదు.

మన దేశంలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసుకుంటే చాలు. విదేశాల్లో పదార్థాల జాబితాలో మైక్రోబియల్ రెన్నెట్ లేదా వెజిటబుల్ రెన్నెట్ అని ఉన్నది వెతకండి. ఉత్తి రెన్నెట్ అని ఉంటే పక్కన పెట్టేయండి.

రెండు రకాలు కావాలి. ఒకటి కరిగి సాగేది: పిజ్జాలకు వాడే, తడి తక్కువున్న మొజరెల్లా. నీళ్లలో తేలుతూ వచ్చే తాజా మొజరెల్లా వద్దు, దానిలోని నీరంతా పళ్లెంలోకి దిగుతుంది. రెండోది రుచి కోసం: పాతబడిన చెడ్డార్ లాంటి గట్టిది. ముక్కలుగా, పలకలుగా దొరికే ప్రాసెస్డ్ చీజ్ తప్ప మరేదీ లేకపోతే వాడండి కానీ ఉప్పు సగానికి తగ్గించండి. పనీర్ కరగదు, పైపొరకు పనికిరాదు.

4. కావలసినవి

పొలెంటాకు:
- మొక్కజొన్న రవ్వ 300 గ్రాములు (రెండు కప్పులకు కాస్త తక్కువ)
- నీళ్లు 1 లీటరు
- పాలు 250 మి.లీ.
- ఉప్పు 2 చిన్న చెంచాలు
- వెన్న 30 గ్రాములు

పుట్టగొడుగులకు:
- బటన్ పుట్టగొడుగులు 500 గ్రాములు
- ఎండు పోర్చీని పుట్టగొడుగులు 15 గ్రాములు (దొరికితేనే)
- ఉల్లిపాయ 1, వెల్లుల్లి 3 రెబ్బలు
- నూనె 2 పెద్ద చెంచాలు, వెన్న 20 గ్రాములు
- ఎండు థైమ్ అర చిన్న చెంచా, మిరియాల పొడి, ఉప్పు

బెషమెల్‌కు:
- వెన్న 50 గ్రాములు, మైదా 50 గ్రాములు
- పాలు 600 మి.లీ.
- జాజికాయ పొడి రెండు చిటికెలు, ఉప్పు

చీజ్:
- మొజరెల్లా 150 గ్రాములు, గట్టి చీజ్ 80 గ్రాములు, రెండూ తురిమి కలిపి ఉంచాలి

సామాను:
- మందపాటి అడుగున్న లోతైన గిన్నె
- పొడవాటి చెక్క గరిటె లేదా తెడ్డు, ఒక విస్క్ (చిలికే తీగల గరిటె)
- సుమారు 20×28 సెం.మీ., లోతు 6 సెం.మీ. ఉన్న బేకింగ్ పళ్లెం
- బటర్ పేపర్
- రెండు మూరల గట్టి దారం (ఎందుకో 6వ భాగంలో చెబుతాను)

5. పొలెంటా ఉడికించడం

కొలత గుర్తుపెట్టుకోండి: బరువు లెక్కన ఒక వంతు రవ్వకు నాలుగు వంతులకు కాస్త పైగా ద్రవం. గరిటెతో వడ్డించుకుని జారుగా తినే పొలెంటాకు ఐదు వంతులు పోస్తారు. ఆ కొలతతో చేసి పలకలు కోయాలనుకుంటే కుదరదు. నీటి లెక్క మొదట తప్పేది ఇక్కడే.

ఉప్మా చేసే అలవాటున్నవారికి ముందే ఒక మాట. రవ్వను వేయించవద్దు. వేయిస్తే నీరు పీల్చుకోవడం మందగిస్తుంది, మనకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

1) గిన్నెలో లీటరు నీళ్లు తెర్లనిచ్చి ఉప్పు వేయండి. మంట మధ్యస్థానికి దించండి.

2) ఒక చేత్తో విస్క్ తిప్పుతూ రెండో చేత్తో రవ్వను గుప్పిట నుంచి సన్నగా జారవిడవండి. ఇటలీలో దీన్ని 'ఆ పియోజ్జా' అంటారు, అంటే వానలా. తుంపర అనుకోండి, కుండపోత కాదు. మొత్తం పడడానికి రెండు నిమిషాలైనా పట్టాలి.

ఉండలు కడతాయని భయముంటే ఇంకో దారి ఉంది. రవ్వనంతా 300 మి.లీ. చల్లని నీటిలో కలిపి, మిగతా 700 మి.లీ. నీళ్లు మరుగుతుండగా ఆ జారును పోయండి. సంప్రదాయం కాదు కానీ ఒక్క ఉండ కూడా రాదు. కొత్తవారికి నేను చెప్పేది ఇదే.

3) మూడు నాలుగు నిమిషాల్లో చిక్కబడుతుంది. అప్పుడు విస్క్ తీసి చెక్క గరిటె పట్టుకోండి. మంటను అన్నిటికంటే తక్కువకు దించండి. పొలెంటా బుడగలు కుతకుతమంటూ పేలి చేతి మీద చిమ్ముతాయి, గట్టిగా కాలుతుంది. అందుకే గరిటె పొడవుగా ఉండాలన్నాను. మూత ఓరగా పెట్టండి.

4) ప్రతి మూడు నాలుగు నిమిషాలకు ఒకసారి అడుగు గీరుతూ కలపండి. నలభై నిమిషాలూ చెయ్యి ఆపకూడదన్న మాటను పట్టించుకోనక్కర్లేదు. సన్నని సెగ, మందపాటి గిన్నె ఉంటే నాలుగు నిమిషాల విరామంతో ఏమీ కాదు. మంట పెద్దదైతే మాత్రం నిమిషం ఏమరినా అడుగంటుతుంది.

5) ఇరవై నిమిషాలయ్యాక పాలను వేడి చేసి రెండు విడతలుగా పోయండి. మొదటి నుంచీ పాలు పోస్తే అడుగుపట్టే ప్రమాదం ఎక్కువ.

6) మొత్తం 40 నుంచి 45 నిమిషాలు పడుతుంది. దింపే ముందు వెన్న కలపండి.

రవ్వను ముందు రాత్రి ఆ లీటరు నీళ్లలోనే నానబెట్టి, అదే నీటితో పొయ్యి మీద పెట్టి కలుపుతూ మరిగిస్తే ఉడికే సమయం బాగా తగ్గుతుంది. రుచిలో తేడా ఉండదు.

పొయ్యి దగ్గర నిలబడలేనివారు మూత ఉన్న ఓవెన్ గిన్నెలో మరిగే నీళ్లు, వేడి పాలు, ఉప్పు, రవ్వ కలిపి 180 డిగ్రీల (ఇక్కడ అన్నీ సెల్సియస్‌లోనే) దగ్గర గంటసేపు పెట్టండి. అరగంటకు ఒకసారి, చివర ఒకసారి బాగా కలపాలి. ప్రెషర్ కుక్కర్‌ను నేను సూచించను. కలపడానికి వీలుండదు కాబట్టి రవ్వ అడుగుకు చేరి గట్టి బిళ్లలా తయారవుతుంది.

అయిందో లేదో చూసే పరీక్షలు:

- కొంచెం తీసి నాలుకకూ అంగిలికీ మధ్య నలపండి. పలుకు తగలకూడదు. తగిలితే అర కప్పు వేడినీళ్లు పోసి మరో పది నిమిషాలు ఉడికించండి.
- కలిపేటప్పుడు ముద్ద గిన్నె అంచులను వదులుతూ ఉండాలి.
- చల్లని పళ్లెంలో ఒక చెంచా వేసి ఐదు నిమిషాలు ఆగండి. వేలితో నెడితే బిళ్లలా కదలాలి. ఇంకా పారుతుంటే మూత తీసి మరికాసేపు ఉడికించండి.

మూడో పరీక్షను వదిలేయకండి. ముద్ద వేడిగా ఉన్నప్పుడు అది ఎంత గట్టిపడుతుందో కంటికి తెలియదు.

6. గడ్డకట్టించడం, కోయడం

పళ్లెంలో నూనె రాసి, అంచులు బయటికి వచ్చేలా బటర్ పేపర్ పరచండి. పొలెంటా వేడిగా ఉండగానే అంతా పోసి తడి గరిటెతో చదును చేయండి. రెండు మూడు నిమిషాలు ఆలస్యమైనా పైభాగం గడ్డకట్టి గుంతలు పడుతుంది. మందం రెండున్నర సెంటీమీటర్ల దాకా వస్తుంది.

వేడి మీద మూత పెట్టకండి. ఆవిరి చెమటలా పట్టి ముద్ద మీదే పడుతుంది, మళ్లీ అదే నీటి సమస్య. గంటసేపు బయట ఆరనిచ్చి, తరువాత కప్పి ఫ్రిజ్‌లో పెట్టండి.

మర్నాడు బటర్ పేపర్ పట్టుకుని దిమ్మను పీట మీదికి ఎత్తండి. తడి కత్తితో ఆరు దీర్ఘచతురస్రాలుగా కోయండి. ఇక దారం పని. ఇటలీలో చెక్క పలక మీద పోసిన పొలెంటాను దారంతో కోయడం పాత అలవాటు. కత్తికి అంటుకున్నట్టు దారానికి అంటుకోదు. ఒక్కో ముక్క చుట్టూ సగం ఎత్తులో దారం తిప్పి, రెండు కొసలనూ ముందువైపు అడ్డంగా దాటించి ఎదురెదురుగా లాగండి. ముక్క రెండు పలకలుగా విడిపోతుంది. మొత్తం పన్నెండు పలకలు. ఆరు అడుగుకు, ఆరు పైకి. పళ్లెంలో గడ్డకట్టినవే కాబట్టి ఖాళీ లేకుండా అమరుతాయి.

ఒకటి రెండు విరిగితే బాధపడనక్కర్లేదు. వాటిని అడుగు పొరలో వాడండి.

7. పుట్టగొడుగుల నీరు తీయడం

పుట్టగొడుగుల బరువులో పదింట తొమ్మిది వంతులకు పైగా నీరే. అరకిలో పుట్టగొడుగులను నీరు తీయకుండా పొరలో పెడితే పళ్లెంలో ఒక పెద్ద గ్లాసు నీళ్లు పోసినట్టే. అడుగున నీళ్లు తేలాయని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

1) పోర్చీని ఉంటే అర కప్పు వేడినీటిలో 20 నిమిషాలు నానబెట్టండి. తీసి సన్నగా తరగండి. నీటిని పారబోయకుండా గుడ్డలో వడగట్టి ఉంచండి. అడుగున ఇసుక ఉంటుంది.

2) బటన్ పుట్టగొడుగులను తడిగుడ్డతో తుడవండి. మరీ మట్టిగా ఉంటే కుళాయి కింద గబగబా కడిగి వెంటనే ఆరబెట్టండి. నానబెట్టవద్దు. అర సెంటీమీటరు మందాన కోయండి. మరీ పలచగా కోస్తే వేగాక ఏమీ మిగలదు.

3) వెడల్పాటి పాన్‌ను పెద్ద మంట మీద బాగా కాగనిచ్చి, నూనె వేసి, సగం పుట్టగొడుగులు మాత్రమే వేయండి. ఒకదాని మీద ఒకటి పడితే వేగవు, ఉడుకుతాయి. ఉప్పు ఇప్పుడే వేయకండి, ఒక్కసారిగా నీరు వదిలేస్తాయి.

4) రెండు నిమిషాలు కదపకండి. తరువాత తిప్పండి. నీరు ఊరుతుంది, ఇగురుతుంది, ఆపైనే అంచులు ఎర్రబడతాయి. ఎనిమిది నుంచి పది నిమిషాలు. తీసి పక్కన పెట్టి రెండో సగం కూడా అలాగే వేయించండి.

5) అదే పాన్‌లో మంట తగ్గించి, వెన్న వేసి సన్నగా తరిగిన ఉల్లిపాయను మెత్తబడనివ్వండి. వెల్లుల్లి, థైమ్ వేసి నిమిషం ఆగండి. వేయించిన పుట్టగొడుగులు, పోర్చీని, దాని నీరు, ఉప్పు, మిరియాల పొడి వేసి పూర్తిగా ఇగరనివ్వండి.

పరీక్ష: పాన్‌ను ఓ పక్కకు వంచండి. మూలకు వెన్న మెరుపు చేరితే సరే, నీరు పారితే ఇంకా పొయ్యి మీదే ఉంచండి.

పోపు పెట్టాలని చెయ్యి లాగుతుంది, నాకూ లాగింది. ఆవాలు, కరివేపాకు వేసి చూశాను కూడా. బెషమెల్ పాలరుచితో అవి పొసగవు. కారం కావాలంటే ఈ దశలో ఎండుమిర్చి పలుకులు అర చెంచా వేయండి.

8. బెషమెల్

మన దగ్గర వైట్ సాస్ అనేది ఇదే. వెన్న కరిగించి మైదా వేసి, సన్నని సెగ మీద రెండు నిమిషాలు వేయించండి. పచ్చివాసన పోవాలి కానీ రంగు మారకూడదు. గోరువెచ్చని పాలను మొదట అర కప్పు పోసి విస్క్‌తో ముద్దలా కలిసేదాకా తిప్పండి. తరువాత మిగతా పాలు మూడు విడతల్లో పోయండి. ఉడుకు మొదలయ్యాక ఆరేడు నిమిషాలు కలుపుతూ ఉంచండి. చివర ఉప్పు, జాజికాయ.

గరిటెను ముంచి తీసి వెనుకవైపు వేలితో గీత గీయండి. గీత నిలిస్తే దింపండి. ఉండలు కడితే జల్లెడలో వడకట్టండి, లేదా మిక్సీలో ఒక తిప్పు తిప్పండి. అందులో నామోషీ ఏమీ లేదు. మీగడ కట్టకుండా బటర్ పేపర్ ముక్కను సాస్‌కు ఆనేలా కప్పండి.

9. పేర్చే క్రమం

ఓవెన్‌ను 200 డిగ్రీల దగ్గర వేడి చేయడం ఇప్పుడే మొదలుపెట్టండి. ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) అయితే పైరాడ్, కిందిరాడ్ రెండూ వేసి పావుగంట.

1. పళ్లెం అంతా వెన్న రాయండి, అంచులతో సహా
2. బెషమెల్ మూడు చెంచాలు పలచగా పూయండి. పలకలు అడుగుకు అంటుకోవు
3. ఆరు పొలెంటా పలకలు. సందులుంటే ముక్కలతో పూడ్చండి
4. పుట్టగొడుగులన్నీ
5. మిగిలిన బెషమెల్‌లో సగం
6. చీజ్ తురుములో సగం
7. మిగతా ఆరు పలకలు. అరచేత్తో మెల్లగా అదమండి
8. మిగిలిన బెషమెల్. మూలల దాకా పరచండి, బయటపడిన పొలెంటా ఎండి పెంకులా అవుతుంది
9. మిగిలిన చీజ్, పైన నాలుగైదు చిన్న వెన్న ముక్కలు

అంచుకు ఒక సెంటీమీటరు కిందనే ఆపండి. నిండా పేరిస్తే బెషమెల్ పొంగి ఓవెన్ అడుగున మాడుతుంది.

కాల్చకుండా ఈ దశలో ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. పండుగ రోజున వంటగదిలో చిక్కుకోకుండా ఉండాలంటే ఇదే దారి.

10. కాల్చడం, ఆగడం

మధ్య అరలో 30 నుంచి 35 నిమిషాలు. ఫ్యాన్ ఉన్న ఓవెన్‌లో, కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో 180 డిగ్రీలు చాలు. ఫ్రిజ్ నుంచి నేరుగా పెడితే మొదటి 20 నిమిషాలు అల్యూమినియం ఫాయిల్ కప్పి, తరువాత తీసేసి, మొత్తం 45 నుంచి 50 నిమిషాలు కాల్చండి. ఫాయిల్ కన్వెక్షన్ మోడ్‌లో మాత్రమే వాడాలి, మైక్రోవేవ్ మోడ్‌లో ప్రమాదం.

చిన్న ఓటీజీల్లో డయల్ మీద ఉన్న అంకెకూ లోపలి వేడికీ పొంతన ఉండకపోవడం మామూలే. అంకెను కాదు, పళ్లేన్ని చూడండి. అంచుల వెంట బుడగలు రావాలి, పైన అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు పడాలి. నడిమిన కత్తి గుచ్చి పది సెకన్లు ఉంచి తీస్తే కత్తి మొన చురుక్కుమనాలి. లోపల వేడెక్కినా రంగు రాకపోతే చివరి మూడు నాలుగు నిమిషాలు పైరాడ్ మాత్రమే వేసి పక్కనే నిలబడండి.

తీశాక ఇరవై నిమిషాలు ముట్టుకోకండి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. వేడి మీద బెషమెల్, చీజ్ ద్రవంలా ఉంటాయి, ముక్క తీస్తే పొరలు జారిపోతాయి. ఒకసారి అతిథులు కూర్చున్నారని ఓవెన్ నుంచి నేరుగా వడ్డించాను. పై పొర ఒకరి పళ్లెంలో, కింది పొర మరొకరి పళ్లెంలో పడింది. ఇరవై నిమిషాల తరువాత కూడా ఇది నోరు కాలేంత వేడిగానే ఉంటుంది.

ఓవెన్ లేనివారు మందపాటి మూత పాన్‌లో పేర్చి, పెనం మీద పెట్టి, సన్నని సెగన 25 నిమిషాలు ఉంచవచ్చు. పొరలు అతుక్కుంటాయి, చీజ్ కరుగుతుంది. పైన ఎర్రటి పొర మాత్రం రాదు.

11. పుట్టగొడుగుల బదులు

ఏది వేసినా సూత్రం ఒకటే: నీరు ముందే తీసేయాలి.

- పాలకూర 600 గ్రాములు: మరిగే నీటిలో నిమిషం ముంచి, చల్లార్చి, గుడ్డలో మూటగట్టి పిండండి. టెన్నిస్ బంతంత ముద్ద మిగలాలి. వెల్లుల్లితో వేయించి, 150 గ్రాముల పనీర్ చిదిమి కలపండి. లోపలి పొరకు పనీర్ బాగానే ఉంటుంది.
- వంకాయలు 700 గ్రాములు: అర సెంటీమీటరు చక్రాలుగా కోసి, నూనె రాసి, 200 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు కాల్చండి.
- టమాటా సాస్: 700 గ్రాముల టమాటాలను వెల్లుల్లి, ఆలివ్ నూనెతో కప్పుంబావుకు తగ్గేదాకా ఇగర్చండి. దీన్ని వంకాయ పొర మీద వేయండి. బెషమెల్ సగం చాలు.

12. తప్పింది, ఇప్పుడేం చేయాలి?

*పొలెంటాలో ఉండలు కట్టాయి.* వేడిగా ఉండగానే గిన్నె గోడకు గరిటెతో అదిమి నలపండి. ఎక్కువుంటే హ్యాండ్ బ్లెండర్ ఒక్క నిమిషం. ఉండలో మధ్యన పచ్చి రవ్వ ఉంటుంది కాబట్టి నలిపాక మరో పది నిమిషాలు ఉడికించాలి.

*అడుగంటింది.* గీరకండి, కలపకండి. పైభాగాన్ని వేరే గిన్నెలోకి వంచేయండి. రుచి చూసి మాడు వాసన లేకపోతే కొనసాగించండి. వాసన ఉంటే చీజ్, జాజికాయ దాన్ని దాచలేవు.

*రాత్రంతా ఉంచినా గడ్డకట్టలేదు.* నీరు ఎక్కువైంది లేదా తక్కువ ఉడికింది. మళ్లీ గిన్నెలోకి వేసి, సన్నని సెగన కలుపుతూ నీరు ఇగిర్చి, మళ్లీ పోయండి. అంత ఓపిక లేకపోతే పలకలు మరచిపోయి గరిటెతోనే పొరలుగా పరచి కాల్చండి. ముక్కలుగా తెగదు, చెంచాతో తినాలి, రుచికి లోటుండదు.

*పళ్లెం అడుగున నీరు తేలింది.* ఓవెన్ నుంచి తీశాక కనబడితే మొదట ఇరవై నిమిషాలు ఆగండి, కొంత పీల్చుకుంటుంది. ఇంకా ఉంటే ఓ మూల చెంచాతో తీసేయండి.

*పొడిగా, పిడచగా ఉంది.* బెషమెల్ చిక్కనైపోయింది. వడ్డించేటప్పుడు పక్కన పలచని టమాటా సాస్ పోయండి. వచ్చేసారి పాలు 100 మి.లీ. పెంచండి.

*చప్పగా ఉంది.* దాదాపు ఎప్పుడూ పొలెంటా ఉడికేటప్పుడు ఉప్పు తగ్గినందువల్లే. తరువాత ఎంత చల్లినా లోపలికి చేరదు. అందుకే దింపే ముందు ఒక చెంచా రుచి చూడాలి. అప్పటికి ముద్ద విడిగా తిన్నా బాగుండాలి.

13. పక్కన ఏమి, మిగిలితే ఎలా

దీనికి పక్కన పుల్లగానో, చేదుగానో ఏదైనా ఉండాలి. నిమ్మరసం పిండిన ఆకుల సలాడ్, వెనిగర్‌లో ఊరిన ఉల్లిపాయలు సరిపోతాయి. ఆవకాయ వేసుకునేవారిని ఆపలేను కానీ ముందే తెలిస్తే బెషమెల్‌లో ఉప్పు తగ్గించండి.

మిగిలినది ఫ్రిజ్‌లో మూడు రోజులుంటుంది. ఫాయిల్ కప్పి 180 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు వేడి చేయండి. ఫ్రీజర్‌లో నెలదాకా ఉంచవచ్చు కానీ కరిగాక బెషమెల్ కాస్త విరిగినట్టు కనిపిస్తుంది.

నేను మాత్రం మిగిలినదాన్ని ఓవెన్‌లో పెట్టను. చల్లగా ఉన్నప్పుడు వేలెడు మందాన ముక్కలు కోసి, నాన్‌స్టిక్ పెనం మీద కోసిన వైపు ఆనించి, నూనె వేయకుండా నాలుగు నిమిషాలు కదపకుండా వదిలేస్తాను. చీజ్ తానే నూనె వదిలి అట్టు అంచులా కరకరలాడేలా పట్టుకుంటుంది. పట్టుకున్నాకే తిప్పాలి, ముందే తిప్పితే పొరలు విడిపోతాయి.